సంజమ్మ చుట్టు

అనగనగా అని మొదలయ్యే కథలు వేరే. ఎర్రగుండు కథకు మా సీమలో మొదటి మాట "ఎద్దు తిరిగే కాలంలో" అని. ఎందుకట్లా అంటామో కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది, తొందరపడకండి.

ఎద్దు తిరిగే కాలంలో, మా ముత్తాతల ముత్తాతలు ఇంకా దోగాడుతున్న రోజుల్లో, మూడు గుళ్ళు ఉండేవి. ఎర్రగుండు కొండ మీద ఒకటి, కోనలో ఒకటి, ఏటి ఒడ్డున ఒకటి. యాత్రకు వచ్చినవాళ్ళు ఒక్క పగటిలో మూడూ చూడాలి. పొద్దు పొడిచేసరికి ఎర్రగుండు మీద ఆంజనేయుడు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కోనలో నరసింహుడు. పొద్దు గూకేసరికి ఏటి ఒడ్డున ఈశ్వరుడు. ఒక్కటి తప్పినా యాత్ర యాత్ర కాదు, కాళ్ళ నొప్పులే మిగులుతాయి.

మూడింటిలో పేరు మోసింది ఎర్రగుండు ఆంజనేయుడే. ఎందుకంటే ఆ సామి పెరిగేవాడు. ముప్పై ఏళ్ళ కిందట మూరెడు ఎత్తు ఉన్నవాడు ఏడాదికి చిటికెనవేలి మందం పెరిగి రెండు మూరలయ్యాడు. యాత్రకు వచ్చిన ఆడవాళ్ళు పసుపు దారంతో సామి ఎత్తు కొలిచి, ముడివేసి, దారం ఇంటికి తీసుకుపోయేవారు. మరుసటేడు అదే దారం తెచ్చి చూస్తే పొట్టిదయ్యేది. చూసి కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. అంతకుముందు ఏటా సింధూరం పూత ఒలిచి కొత్తగా పూసేవారని, అప్పుడు సామి పెరిగేవాడు కాదని ఒకరిద్దరు ముసలివాళ్ళు గొణిగేవారు గానీ, ముసలివాళ్ళ మాట వినే తీరిక ఎవరికుంది?

ఆ గుడికి పూజారి వరదయ్య. ముప్పై ఏళ్ళవాడు. గొంతు పెద్దది, నామం పెద్దది, తన గుడి మీద గర్వం ఆ రెండింటికంటే పెద్దది. చెడ్డవాడు కాదు పాపం. తండ్రి అహోబలయ్య మంచం పట్టాక మూడేళ్ళుగా పూజ అతని చేతిలోనే ఉంది. మొక్కుకోవడానికి వచ్చినవాళ్ళతో, "మా సామి పెరిగే సామి. ఇట్లాంటి సామి ఇంకెక్కడైనా ఉంటే చూపించండి" అనేవాడు. ఎవరు చూపిస్తారు? ఉంటే గదా.

సామి ఒంటికి సింధూరం పూయాలంటే నువ్వులనూనె కావాలి. ఆ నూనె ఇచ్చేది గానుగ సంజమ్మ. గుండు కింది పల్లెలో ఆమెది ఒంటిల్లు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నదల్లా ఒక గానుగ, ఒక ఎద్దు. రోజూ తెల్లారకముందే మట్టిముంతలో నూనె పట్టుకుని మెట్లెక్కి వచ్చేది. గుడి ముందు, గడపకు కాస్త పక్కగా, మూడు మెట్లు. మూడో మెట్టు మీద ముంత పెట్టి, దండం పెట్టి, దిగిపోయేది. అంతకంటే లోపలికి రావడానికి ఆమెకు లేదు. మూడో మెట్టు మీద నిలబడితే సామి కనపడడు, గడప పక్క గోడ కనపడుతుంది. ముప్పై ఏళ్ళూ గోడకే దండం పెట్టింది.

సంజమ్మను చూస్తే ఊరికి నవ్వు. ఎందుకో చెబుతాను. గానుగ తిరగాలంటే రోలు కావాలి, రోకలి కావాలి, రోకలిని తిప్పడానికి ఎద్దు లాగే దూలం కావాలి. ఇవి ఉంటే చాలదు. దూలం మీద బరువుండాలి. బరువు లేకపోతే రోకలి గింజను నొక్కదు, నూనె దిగదు. అందుకని అందరి గానుగల మీదా పెద్ద రాయి కట్టి ఉంటుంది. సంజమ్మ గానుగ మీద రాయి లేదు. రాయి ఉండాల్సిన చోట సంజమ్మే కూర్చునేది. ఎద్దు తిరిగింది, దూలం తిరిగింది, సంజమ్మ తిరిగింది. ఏళ్ళు గడిచాయి. ఎద్దు ముసలిదై పోయి ఇంకో ఎద్దు వచ్చింది, అదీ పోయి మూడో ఎద్దు వచ్చింది. సంజమ్మ మాత్రం మారలేదు.

ఊరిపెద్ద తిమ్మారెడ్డి ఒకసారి అడిగాడు. "సంజమ్మా, రాయి ఏమైంది?"

"పనిమీద పోయింది నాయనా" అంది సంజమ్మ.

నీళ్ళకు పోయే ఆడవాళ్ళు అడిగారు. "అత్తా, రాయి ఏమైంది?"

"పనిమీద పోయింది తల్లీ."

రాళ్ళు కొట్టే గిడ్డన్న అడిగాడు. ఆ రాయి చెక్కి ఇచ్చింది అతనే. "అక్కా, నేనిచ్చిన రాయి ఏమైంది? ఇంకోటి చెక్కిస్తా, నడుములు పడిపోతాయి నీకు."

"వద్దులే తమ్ముడా. అది పనిమీద పోయింది" అంది సంజమ్మ.

ఇంకా చోద్యం ఏమిటంటే, గానుగ పాకకు పడమటి గోడ ఉండేది. రాయి పోయిన ఏడే సంజమ్మ ఆ గోడ తన చేతులతో పడగొట్టింది. వానొస్తే జల్లు, ఎండొస్తే వడగాలి. ఎందుకమ్మా అంటే, "గాలాడాల గదా" అనేది. దూలం మీద కూర్చున్న ముసల్దానికి బుర్ర కూడా గానుగలా తిరుగుతోందని జనం నవ్వుకున్నారు. వరదయ్య కూడా నవ్వాడు.

ఆ ఏడు ఉగాది దాటాక ఒకరోజు సంజమ్మ ముంత మెట్టు మీద పెట్టి దిగిపోలేదు. నిలబడింది.

"సామీ, పూత బరువెక్కింది. జనం లేని రోజు సూసి ఒలిచెయ్యండి" అంది.

వరదయ్య పెద్దగా నవ్వాడు. "అది పూత కాదు సంజమ్మా, సామి ఒళ్ళు."

వారం దాటాక మళ్ళీ నిలబడింది. "సామీ, నిన్న పూసిన నూనె గడప దాటి ఎనక్కి కారింది. పూత తాగడంలేదు. ఒలిచెయ్యండి."

ఈసారి వరదయ్య నవ్వలేదు. "పెరిగే సామిని ఒలవమంటావా? తెలిసే మాట్లాడుతున్నావా?"

ఇంకో వారం దాటింది. సంజమ్మ మూడోసారి నిలబడింది. "ఎండలు ముదిరినాయి సామీ. సామి సంగతి నాకు తెల్దు, నూనె సంగతి తెలుసు. ఎండకు నూనె జారుతాది. నీ మంచికే చెప్తాండా."

వరదయ్యకు ఒళ్ళు మండింది. యాత్రవాళ్ళు పదిమంది వింటున్నారు. "నూనె పోసేదానివి నూనె పోసి పో. నాకు చెప్పేంతదానివైపోయావా? రేపటినుంచి మూడో మెట్టు కూడా ఎక్కొద్దు. కింది మెట్టు దగ్గర పెట్టి పో" అన్నాడు.

"అట్లనే సామీ" అంది సంజమ్మ. అంతే అంది. మరునాడు ముంత కింది మెట్టు దగ్గర ఉంది. ఆ మరునాడూ అక్కడే ఉంది. మూడోనాడు ముంత రాలేదు.

పొద్దెక్కినా నూనె రాకపోయేసరికి వరదయ్య విసుక్కుంటూ కిందికి మనిషిని పంపాడు. గానుగ తిరుగుతూనే ఉంది. ఎద్దు తిరుగుతోంది, దూలం తిరుగుతోంది, సంజమ్మ తిరుగుతోంది. రోట్లో నువ్వులు ఎప్పుడో పిప్పి అయిపోయాయి. అయినా ఎద్దు ఆగలేదు. ఆపమని చెప్పే గొంతు లేదు. దూలానికి కట్టిన తాడును ఒక చేత్తో పట్టుకుని, తల కాస్త వాల్చి, కళ్ళు తెరుచుకునే సంజమ్మ చచ్చిపోయి ఉంది. పొద్దున్నుంచి ఆ దారిన పోయిన వాళ్ళంతా ఆమెను చూశారు. కొందరు పలకరించారు కూడా. బతికున్న మనిషి అనుకుని పలకరించామే అని వాళ్ళకు మూడురోజులు అన్నం సహించలేదు.

వరదయ్యకు కబురు చెప్పారు. అయ్యో పాపం అనుకున్నాడు. ఇంటికి వెళ్ళి తండ్రికి చెప్పాడు. అప్పుడు మొదటిసారి అదిరిపడ్డాడు. మూడేళ్ళుగా మంచం దిగని అహోబలయ్య మంచం మీదినుంచి కిందపడి, గుండెలు బాదుకుంటూ ఏడ్చాడు. సొంత తోబుట్టువు పోయినా మనిషి అట్లా ఏడవడు.

"నాన్నా, నూనె ఇచ్చే ఆమె గదా" అన్నాడు వరదయ్య.

"వరదా, పూత ఒలువు" అన్నాడు అహోబలయ్య. "నీకొక మాట చెప్పాలి. కూర్చో."

హనుమజ్జయంతి నాలుగు రోజుల్లో ఉంది. పందిళ్ళు వేయాలి, తీర్థం సిద్ధం చేయాలి, వేలమంది వస్తారు. "పండగ కానీ నాన్నా. పండగయ్యాక ఎంతసేపైనా వింటాను" అని వరదయ్య వెళ్ళిపోయాడు. చూశారా, తండ్రి మాట వినడానికి కూడా అతనికి తీరిక లేకపోయింది.

జయంతి వచ్చింది. తెల్లారకముందే మెట్లన్నీ జనం. దూరపు ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. పొద్దు పొడిచింది. ఎర్రగుండు గుడి తూర్పు ముఖం. పొడిచిన పొద్దు నేరుగా గడప దాటి సామి మీద పడింది. ఎర్రటి ఒళ్ళు, వెండి కళ్ళు, వెండి మీసం. జనం చేతులెత్తారు. వరదయ్య రెండు చేతుల నిండా సింధూరం ముద్ద తీసుకుని, సామి భుజాల మీద పెట్టి, కిందికి పూశాడు.

టప్ అని చప్పుడైంది.

వరదయ్య చేతుల కింద సామి కదిలాడు. కదిలాడని ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది. రెండో క్షణం తెలిసింది, సామి కదల్లేదు, జారుతున్నాడు. మెడ దగ్గర పగులు, పొట్ట దగ్గర పగులు, ముప్పై ఏళ్ళ పూత మొత్తం ఒక్క ముక్కగా ముందుకు వాలి వరదయ్య ఒళ్ళో పడింది. సామి వెండి కళ్ళు అతని ఒడిలోంచి అతని ముఖంలోకి చూస్తున్నాయి.

వరదయ్యకు ఒళ్ళో ఉన్నదాన్ని చూడాలో, ఎదుట ఉన్నదాన్ని చూడాలో తెలియలేదు. ఎదుట సామి లేడు. తోక లేదు, గద లేదు, ముఖం లేదు. మూరెడు ఎత్తు నల్లటి గుండ్రటి రాయి ఉంది. నూనె తాగి తాగి నిగనిగలాడుతోంది. దాని నడుము చుట్టూ వేలు పట్టేంత గాడి ఉంది.

ముందు వరసలో ఉన్న గిడ్డన్న గడప దగ్గరికి వచ్చి, వంగి చూశాడు. మళ్ళీ చూశాడు. మూడోసారి చూసి కూలబడిపోయాడు.

"ఇది నా ఉలి దెబ్బే" అన్నాడు. "నడుముకు గాడి పెట్టింది నేనే, తాడు జారకుండా. ఇది సంజమ్మ గానుగ రాయి."

ఆ మాట ముందు వరస నుంచి వెనక వరసకు, వెనక వరస నుంచి మెట్ల మీదికి, మెట్ల మీదినుంచి కింది బండ్ల దాకా పోయింది. పోయినచోటల్లా మనుషుల ముఖాలు తెల్లబోయాయి. ఇన్నేళ్ళూ మొక్కింది దేనికి? తలనీలాలిచ్చింది దేనికి? పిల్లలకు పెట్టుకున్న పేర్లు ఎవరివి?

ఒక ముసలామె కొంగుముడి విప్పింది. అందులో పసుపు దారాలు ఉన్నాయి. "పదేళ్ళ దారాలు నాయనా ఇవి. ఏటేటా కొలిచినా. మరి నేనేం కొలిచినట్టు?" అని అందర్నీ అడిగింది.

నిర్ఘాంతపోయిన జనానికి నోరొస్తే అది కోపంగానే వస్తుంది. పూజారి మోసం చేశాడన్నారు. గానుగదాని మాయ అన్నారు. చచ్చిపోయింది కాబట్టి సరిపోయింది, లేకుంటే చూపించేవాళ్ళం అన్నారు. ఎవరో గడ్డపార తెచ్చారు. రాయిని గుండు మీదినుంచి దొర్లించాలని కొందరు, కిందికి పోయి ఆ గానుగను కాల్చాలని కొందరు. వరదయ్య ఒళ్ళో వెండి కళ్ళు పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. అతనికి ఒకటే మాట వినపడుతోంది. జనం లేని రోజు సూసి ఒలిచెయ్యండి. జనం లేని రోజు సూసి.

అప్పుడు మెట్ల మీద జనం విడిపోయారు. అహోబలయ్య వస్తున్నాడు. నడవలేదు, చేతులతో మెట్టు పట్టుకుని ఒక్కో మెట్టూ పాకుతూ వచ్చాడు. గుడి ముందు మూడో మెట్టు దాకా వచ్చి అక్కడ ఆగాడు. లోపలికి రాలేదు. ఆ మెట్టు మీదే కూర్చున్నాడు.

"గడ్డపార దించండి. దొర్లించాల్సింది ఎవరినో నేను చెప్తాను" అన్నాడు. ఇట్లా చెప్పాడు.

"ముప్పై ఏళ్ళ కిందట ధనుర్మాసంలో మూడు రోజులు మంచు విడవలేదు. ఎదురుగా మనిషి నిలబడితే కనపడడు. చలికి సింధూరం ముద్ద గట్టిపడిపోయింది, పూస్తే సాగదు. సంజమ్మ ఇదే మెట్టు మీద నిలబడి, 'కాస్త ఎచ్చబెట్టుకో సామీ, సాగుతాది' అంది. ఆమె చెప్పింది గోరువెచ్చగా. నేను పొగలొచ్చేదాకా కాచాను. పూత ఒలిచిన సామి ఒంటి మీద ఆ కాగిన నూనె పోశాను. నా చెయ్యి చురుక్కుమంది. నా చెయ్యే ఇంత కాలితే సామి ఒళ్ళు ఎంత కాలి ఉంటుందో అని భయపడిపోయి, పక్కనున్న ఊటనీళ్ళ బిందె ఎత్తి సామి మీద కుమ్మరించాను."

గిడ్డన్న తల పట్టుకున్నాడు. "మేము బండలు పగలగొట్టేది అట్లనే గదా సామీ. నిప్పు పెట్టి, నీళ్ళు పోసి."

"నాకేం తెలుసు గిడ్డా" అన్నాడు అహోబలయ్య. "చల్లబరుద్దామనుకున్నాను. టప్ అంది. తాతలనాటి సామి మూడు ముక్కలై నా కాళ్ళ దగ్గర పడ్డాడు."

అహోబలయ్య గడప వైపు చెయ్యి చూపి మళ్ళీ చెప్పసాగాడు.

"పగిలిన విగ్రహానికి పూజ లేదు. గుడి మూసేస్తారు. మూడు గుళ్ళలో ఒకటి పోతే యాత్ర పోతుంది. తాతలు కాపాడిన సామిని పగలగొట్టినవాడు బతకడం ఎందుకని గుండు అంచుకు పరిగెత్తాను. సంజమ్మ మెట్లు దిగి వచ్చి నాకు అడ్డంగా నిలబడింది. నేను మడిలో ఉన్నాను. 'నన్ను తాకితే మైలపడతావు సామీ. నన్ను తాకకుండా దూకే దారి లేదు, సూస్కో' అంది. నేను ఇటు జరిగితే ఇటు జరిగింది. అటు జరిగితే అటు జరిగింది. చావబోయేవాడికి మడి ఎందుకో నాకు తోచలేదు. ఆగిపోయాను. 'ఇంట్లో ఉయ్యాల్లో బిడ్డ ఉండాడు' అని గుర్తు చేసింది."

వరదయ్య తలెత్తాడు. ఆ ఉయ్యాల్లో బిడ్డ తనే.

"మంచులో ఎద్దును వెనక గొడ్లబాట మీదుగా తోలుకొచ్చింది. తన గానుగ రాయిని ఈడ్పించింది. 'కొత్త రాయికి సింధూరం నిలవదు సామీ, ఏళ్ళతరబడి నూనె తాగిన రాయికే నిలుస్తాది' అంది. గడప దాకా దొర్లించి చేతులు వదిలేసింది. లోపల పెట్టింది నేను. ముక్కల్ని ఏటి మడుగులో నిమజ్జనం చేశాను. నలభై ఒక్క రోజులు తెర కట్టి ప్రతిష్ఠ చేశాను. మంత్రంలో అక్షరం లోపం చేయలేదు. నేను బతికున్నంతకాలం నువ్వు చెప్పొద్దు, నువ్వు బతికున్నంతకాలం నేను చెప్పను అని దీపం ముందు ఒట్టు పెట్టుకున్నాం. పూత ఒలిస్తే గుట్టు బయటపడుతుందని ఆ తర్వాత ఒలవలేదు. పూత మీద పూత పడింది. మీరు సామి పెరుగుతున్నాడన్నారు. నేను నోరు మూసుకున్నాను. అది నా తప్పు."

కాసేపు ఆయాసపడి, మళ్ళీ అన్నాడు. "ఇంకో రాయి చెక్కించుకోమని ఎన్నిసార్లో చెప్పాను. వినలేదు. 'నా మాటకే గదా సామి పగిలినాడు. నా రాయి పోయి ఆయన జాగాలో కూర్చునింది. రాయి జాగాలో నేను కూర్చోవాల గదా' అంది. కూర్చుంది. ముప్పై ఏళ్ళు కూర్చుంది."

దారాలు పట్టుకున్న ముసలామె మెట్టు మీద చతికిలబడింది. "ఆయమ్మ పోసిన నూనెనా నేను కొలిచింది" అంది.

తిమ్మారెడ్డి గడప దగ్గరికి వచ్చాడు. "వరదయ్యా, పూజారివి నువ్వు. ఉంచేదా, దొర్లించేదా? నువ్వే చెప్పు" అన్నాడు.

వరదయ్య లేచాడు. వెండి కళ్ళను రాయి ముందు పెట్టాడు. గడప దాటాడు. తండ్రిని దాటి, మూడు మెట్లు దిగి, కొండమెట్లు దిగి, పల్లెలోకి నడిచాడు. జనానికి ఏమీ అర్థం కాక అతని వెనకే నడిచారు. గుడి తలుపులు తెరిచే ఉన్నాయి. పైన ముసలాయన, రాయి, ఇద్దరే మిగిలారు.

సంజమ్మ గానుగ పాక ఖాళీగా ఉంది. ఎద్దు పక్కన కట్టేసి ఉంది. వరదయ్య ఎద్దును తెచ్చి దూలానికి కట్టాడు. మడిబట్ట మీదే, వేలమంది చూస్తుండగా, సంజమ్మ కూర్చునే చోట ఎక్కి కూర్చున్నాడు. ఎద్దుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బరువు పడగానే కదిలింది.

మొదటి చుట్టు వరదయ్య తల దించుకునే ఉన్నాడు. ఆ చెక్క మీద ముప్పై ఏళ్ళ కూర్చోవడానికి పల్లం పడింది. అందులో ఒదిగి కూర్చుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

రెండో చుట్టు ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాడు. ఆపుకోవాలని కూడా అనుకోలేదు.

మూడో చుట్టు తలెత్తాడు. దూలం తిరిగి తిరిగి పడమటి వైపు వచ్చింది. అక్కడ గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట ఎర్రగుండు ఉంది. గుండు మీద గుడి ఉంది. గుడి తలుపు తెరిచి ఉంది. పొద్దుటి ఎండ నేరుగా గడప దాటి లోపలికి పడుతోంది. ఆ ఎండలో, అంత దూరాన, చిన్న చుక్కలా రాయి మెరుస్తోంది.

వరదయ్య దూలానికి కట్టిన తాడు గట్టిగా పట్టుకున్నాడు.

ఎద్దు తిరిగింది, దూలం తిరిగింది, సామి కనపడ్డాడు. ఎద్దు తిరిగింది, దూలం తిరిగింది, సామి కనపడ్డాడు. చుట్టుకొకసారి. పొద్దున ఎన్ని చుట్లో, అన్నిసార్లు. ముప్పై ఏళ్ళు. తను మూడో మెట్టు దగ్గర ఆపిన మనిషి, చివరికి కింది మెట్టుకు తరిమిన మనిషి, తనకంటే ఎక్కువసార్లు సామిని చూసింది. గుళ్ళో ఉన్న తను అన్నేళ్ళూ చూసింది పూతని. కళ్ళు తెరుచుకునే ఎందుకు చచ్చిపోయిందో కూడా అప్పుడు తెలిసింది. ఎద్దు ఆగనందుకు, చచ్చిపోయాక కూడా ఆ పొద్దంతా సామి ముందుకు వచ్చి వచ్చి పోయింది.

వరదయ్య దిగాడు. "రెడ్డీ, ఎక్కి కూర్చో" అన్నాడు.

తిమ్మారెడ్డి ఎక్కాడు. ఒక చుట్టు తిరిగి దిగేసరికి మనిషి ముఖం మారిపోయింది. "గిడ్డా, నువ్వెక్కు" అన్నాడు. గిడ్డన్న ఎక్కాడు. దారాల ముసలామె ఎక్కింది. గడ్డపార తెచ్చినవాడు కూడా, దాన్ని ఎక్కడ పారేశాడో గానీ, వట్టి చేతులతో వచ్చి ఎక్కాడు. రాయిని ఉంచాలా దొర్లించాలా అని ఇంకెవరూ అడగలేదు. వరసలో నిలబడి ఒక్కొక్కరూ ఒక్కో చుట్టు తిరిగేసరికి పొద్దు గూకింది. ఆ రోజు కోనలో నరసింహుడు మధ్యాహ్నమంతా, ఏటి ఒడ్డున ఈశ్వరుడు సాయంత్రమంతా యాత్రవాళ్ళ కోసం ఎదురుచూసి ఉంటారు. ఎవరూ పోలేదు. పోకపోయినా ఏమీ అనరు, వాళ్ళకు తెలియంది కాదు.

అహోబలయ్య ఆ వారంలోనే కన్నుమూశాడు. వరదయ్య ముసలివాడయ్యేదాకా పూజ చేశాడు. గొంతు చిన్నదైంది, నామం చిన్నదైంది. మా సామి పెరిగే సామి అని మళ్ళీ ఎన్నడూ అనలేదు.

ఇదంతా జరిగి ఎన్ని తరాలైందో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పటికీ ఎర్రగుండు మీద సామి ఆ రాయే. ఏటా జయంతి పొద్దున జనమంతా చూస్తుండగా పూత ఒలుస్తారు, కొత్త పూత పూస్తారు. ఒళ్ళంతా పూసి, నడుము దగ్గర గాడి మాత్రం పూయకుండా వదిలేస్తారు. ఎర్రటి సామికి నడుము చుట్టూ నల్లటి తాడు గుర్తు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేమిటని అడిగితే ఈ కథ చెబుతాం.

గుండు కింద గానుగ కూడా ఉంది. దానికి పడమటి గోడ ఎవరూ కట్టలేదు, కట్టరు. కొండ ఎక్కే ముందు ప్రతి మనిషీ దూలం మీద ఒక చుట్టు కూర్చోవాలి. రాజైనా కూర్చోవాలి, పూజారైనా కూర్చోవాలి. దాన్నే సంజమ్మ చుట్టు అంటారు. అది చేయకుండా పైకి పోతే గోడకు దండం పెట్టినట్టే.

ఆ చుట్టు తిరిగి, కొండెక్కి, గుడి ముందు మూడో మెట్టు దగ్గరికి వస్తే పూజారి లోపల్నుంచి ఒక మాట అడుగుతాడు. పిల్లలకు ఆ మాటంటే భలే ఇష్టం, అడగకముందే జవాబు చెప్పేస్తారు. అది చెప్పందే ఎవరినీ గడప దాటనివ్వరు.

"రాయి ఏమైంది?" అంటాడు పూజారి.

"పనిమీద పోయింది" అంటాం మేము, అని లోపలికి పోతాం.